కరెంటు అడగని రేడియో

గుడివాడ బళ్లో తరంగాల పాఠం చెబుతుంటే ఒక పిల్ల లేచి, "కరెంటు లేని ఇళ్లలో రేడియో ఎట్లా పలికిందండీ?" అని అడిగింది. జవాబు గాలెనా అనే సీసపు ఖనిజంలో ఉంది. మన వినుకొండ దగ్గర బండ్లమోట్టు గనిలోనూ దొరికిందది.

1924 మేలో సి.వి. కృష్ణస్వామి చెట్టి మరికొందరితో కలిసి మద్రాసులో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పెట్టాడు. జులై 31న ప్రసారం మొదలైంది. ట్రాన్స్‌మిటర్ 40 వాట్లే! ఆ కాలంలో వాల్వు సెట్టూ దాని బ్యాటరీలూ ఖరీదు. స్టేషనుకు దగ్గర్లో ఉన్నవాళ్లకు క్రిస్టల్ సెట్టు చాలు. పొడుగాటి ఏరియల్ తీగ, నేలలోకి దిగే ఎర్తు తీగ, కాయిలు, గాలెనా ముక్క, హెడ్‌ఫోను, అంతే.

ఏరియల్‌కు తగిలిన తరంగం తీగలో కరెంటును అటూ ఇటూ ఊపుతుంది. విజయవాడ మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 8,37,000 సార్లు. పాట ఆ ఊపుల హెచ్చుతగ్గుల్లో దాగుంటుంది. దాన్ని నేరుగా హెడ్‌ఫోనుకిస్తే మౌనమే. లోపలి ఇనపరేకు అంత జోరుగా కదల్లేదు. అటు తోపుకీ ఇటు తోపుకీ చెల్లుకు చెల్లు. ఒక వైపు తోపుల్ని ఆపేస్తే? మిగిలినవన్నీ ఒకే దిక్కుకు నెడతాయి. వాటి సగటును బట్టి రేకు ఒకప్పుడు ఎక్కువ, ఒకప్పుడు తక్కువ వంగుతుంది. ఆ కదలికే పాట. దాన్ని మోగించే శక్తి కూడా తరంగం తెచ్చిందే.

కరెంటును ఒకవైపే వదిలే పని గాలెనా మీద ఆనించిన సన్నని తీగ మొనది. స్ఫటికమంతా ఒకే తీరుగా ఉండదు. మొనను మెల్లగా జరుపుతూ పలికే చోటు వెతకాలి. బల్ల కదిలితే పాట పోతుంది, మళ్లీ మొదటికి. ఈ గాలెనా గ్రాహకానికి జగదీశ్ చంద్ర బోస్ 1901లోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు.

డబ్బు చాలక క్లబ్బు 1927లో మూతపడింది. దాని ట్రాన్స్‌మిటర్‌తో మద్రాసు కార్పొరేషన్ 1930 నుంచి ప్రసారాలు నడిపింది. 1938లో మద్రాసు ఆకాశవాణి, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చాయి.

స్టేషను పాట క్రిస్టల్ సెట్టుకు ఎంత బాగా అందుతుందన్నది నేలను బట్టి కూడా ఉంటుంది. మీడియం వేవ్ నేలనంటుకుని సాగుతుంది. ఎండిన రాతినేల దాని శక్తిని ఎక్కువ మింగేస్తుంది. తడి, ఉప్పు ఉన్న నేల తక్కువ. బందరు, నాగాయలంక వైపు చవిటి నేలలు ఈ రెండో రకానివి. అక్కడ తేమ తగిలేదాకా రాగి కడ్డీ దిగ్గొడితే సెట్టుకు మంచి ఎర్తు దొరుకుతుంది.