వాసన రాని పొగ గురించి మీ పిల్లలతో మాట్లాడారా?

అప్పనపల్లి లాంటి కోనసీమ పల్లెల్లో పొగాకు కొత్త సంగతేం కాదు. గోదావరి లంకల్లో పండిన పొగాకుతో చుట్ట చుట్టుకుని అరుగు మీద కూర్చునే తాతయ్యల్ని మీరూ చూసే ఉంటారు. చుట్టకి ఒక్క మంచి గుణం ఉండేది. అది దాగదు. కుర్రాడు వైనతేయ గట్టున చాటుగా సిగరెట్టు కాల్చి, ఎంత సోంపు నమిలొచ్చినా అమ్మ ముక్కుకి దొరికిపోయేవాడు.

ఇప్పుడొచ్చిన వేప్‌కి ఆ గుణం కూడా లేదు. చూడ్డానికి పెన్నులానో, పెన్ డ్రైవ్‌లానో ఉంటుంది. లోపల చిన్న బ్యాటరీ, కాస్త ద్రవం. ఆ ద్రవం వేడెక్కి ఆవిరైతే పీలుస్తారు. మామిడి, పుదీనా, ఆఖరికి కొబ్బరి రుచిలో కూడా దొరుకుతుందట. మనకి కొబ్బరికేం కరువొచ్చిందో! "ఉత్త నీటి ఆవిరేనమ్మా" అంటారు పిల్లలు. కాదు. చాలావాటిలో సిగరెట్టులో ఉండే నికోటినే ఉంటుంది.

మన దేశంలో 2019 నుంచి వీటి తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నిషేధం. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. దుబాయిలో మాత్రం షాపుల్లో అమ్మే వస్తువే. సెలవుకొచ్చే బంధువులు సెంటుసీసాలతో పాటు ఇదీ పెట్టెలో పెట్టుకోకుండా ముందే ఫోన్లో చెప్పేయండి.

ఇక పిల్లలతో ఎలా మాట్లాడాలి? ఎదురుగా నిలబెట్టి పంచాయతీ పెడితే నోరు విప్పరు. కొబ్బరి కోరుతూనో, బట్టలు మడతపెడుతూనో, "మీ కాలేజీలో ఎవరో వేప్ పీలుస్తున్నారట, అదేంట్రా నాన్నా?" అని అడగండి. అడిగాక కాసేపు మీరు మాట్లాడకండి. అదే కష్టం! ఆడపిల్లనీ అడగండి, మనమ్మాయికెందుకొస్తుందిలే అనుకోకుండా.

"ఒక్కసారి పీలిస్తే చచ్చిపోతావ్" అని మాత్రం అనొద్దు. పీల్చిన స్నేహితుడు రోజూ క్రికెట్ ఆడుతూ కనిపిస్తుంటే ఇక మీ మాటకి విలువేముంటుంది? నిజమే చెప్పండి. 2019లో అమెరికాలో వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని, 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది పోయారు. ఎక్కువ కేసుల్లో కారణం దొంగచాటుగా కొన్న గంజాయి నూనెలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్. దొంగ సరుకులో ఏం కలిపారో అమ్మేవాడికే తెలీదు, వీడికెలా తెలుస్తుంది?

యాభయ్యో ఏట వచ్చే జబ్బుకి పదహారేళ్ళవాడు భయపడడు. మెదడు పాతికేళ్ళ దాకా ఎదుగుతూనే ఉంటుంది, ఆ వయసులో నికోటిన్ తొందరగా పట్టేసుకుంటుంది. అది లేకుండా మూడు గంటలు పరీక్ష హాల్లో కూర్చోలేని స్థితి వస్తుందని చెప్పండి. ఆ మాట చెవికెక్కుతుంది.

"మరి నాన్న సిగరెట్టు కాలుస్తారుగా?" అని అడిగారనుకోండి, వెనకేసుకు రాకండి. "అవును, మానలేక అవస్థ పడుతున్నారు. అందుకే నిన్ను మొదలెట్టొద్దంటున్నా" అనండి.

ఇప్పటికే అలవాటైతే కొట్టకండి. మానిన కొద్దిరోజులు చిరాకు, తలనొప్పి, చదువు మీద ధ్యాస నిలవకపోవడం ఉంటాయి. అది పొగరు కాదు. డాక్టరుకి చూపించండి, పొగాకు మాన్పించే ప్రభుత్వ టోల్ ఫ్రీ నంబరు 1800-11-2356కి చేయించండి.

దొరికిన వేప్‌ని కోపంతో పొయ్యిలో పడేసేరు, బ్యాటరీ పేలుతుంది. చంటిపిల్లలకి అందేచోటా పెట్టొద్దు. ఆ ద్రవం కాస్త మింగినా ప్రమాదమే.