బొమ్మ సైనికుడి తలపాగా ఎక్కడ పోయింది?

సంచిలో యాభై, వంద చొప్పున అమ్మే పచ్చ ప్లాస్టిక్ సైనికుల్ని చూడనివాళ్లు తక్కువ. ఒకడు మోకాలి మీద కూర్చుని గురిపెడతాడు, ఒకడు పొట్ట మీద పాకుతుంటాడు, ఇంకొకడు గ్రెనేడ్ విసరబోతుంటాడు. పిల్లలకు అది ఆట. అయితే పెద్దవాళ్లు కూడా ఈ బొమ్మల్ని వేల కొద్దీ సేకరిస్తారు. రంగులేస్తారు. భూతద్దం పెట్టి చొక్కా బొత్తాలు లెక్కపెడతారు. ఈ టోపీ ఏ సంవత్సరానిది, ఈ తుపాకీ అప్పటికి వచ్చిందా లేదా అని గంటల తరబడి వాదించుకుంటారు.

ఇంచు ఎత్తు కూడా లేని బొమ్మకి ఇంత రాద్ధాంతం ఎందుకు? యుద్ధం ఎలా ఉంటుందో, అందులో ఎవరెవరు ఉన్నారో చాలామంది పిల్లలు పుస్తకం కంటే ముందు బొమ్మల్లోనే చూస్తారు. అప్పుడు మనసులో పడిన బొమ్మ అంత తొందరగా చెరగదు. కాబట్టి బొమ్మలో తప్పుంటే అది చరిత్రలో తప్పుగానే మిగిలిపోతుంది.

సీసం నుంచి ప్లాస్టిక్‌కి

లండన్‌లోని విలియం బ్రిటెన్ కంపెనీ 1893లో లోపల డొల్లగా ఉండే సీసపు సైనికుల్ని పోతపోయడం మొదలుపెట్టింది. సీసం తక్కువ పడుతుంది కాబట్టి బరువూ తగ్గింది, ధరా తగ్గింది. ఆ బొమ్మల 54 మిల్లీమీటర్ల ఎత్తు తర్వాత చాలా కంపెనీలకు కొలతగా మారింది. అమెరికాలో బెర్గెన్ టాయ్ అండ్ నావెల్టీ కంపెనీ 1938లో ప్లాస్టిక్ సైనికుల్ని తెచ్చింది. సీసం పిల్లల ఆరోగ్యానికి ప్రమాదమని తేలడంతో బ్రిటన్‌లో 1966 నాటికి సీసపు బొమ్మల కాలం ముగిసిపోయింది.

అప్పటికే ఎయిర్‌ఫిక్స్ కంపెనీ రంగంలో ఉంది. 1959 నుంచి అది చిన్న పెట్టెలో నలభై యాభై బొమ్మలు పెట్టి, జేబు ఖర్చుతో కొనగలిగే ధరకి అమ్మింది. వీటి కొలత ఇంచుమించు 1:72. అంటే 173 సెంటీమీటర్ల మనిషి 24 మిల్లీమీటర్ల బొమ్మ అవుతాడు. అదే మనిషి 1:32లో 54 మిల్లీమీటర్లు ఉంటాడు.

అచ్చులోనే వచ్చే తప్పులు

కొన్ని తప్పులకు కారణం తెలియకపోవడం కాదు, తయారీ పద్ధతే. ఉక్కు అచ్చు రెండు ముక్కలుగా ఉంటుంది. కరిగిన ప్లాస్టిక్‌ని లోపలికి నొక్కి, చల్లారాక రెండు ముక్కల్నీ విడదీస్తారు. బొమ్మలో ఎక్కడైనా లోపలికి మలుపు ఉంటే అది అచ్చులో ఇరుక్కుంటుంది. అందుకే చాలా బొమ్మలు చేతులు పక్కకి చాపి, కాస్త చదునుగా ఉంటాయి. చేతికీ ఛాతీకీ మధ్య ఖాళీ ఉండాల్సిన చోట ప్లాస్టిక్ ముద్ద కనిపిస్తుంది.

కొలత దగ్గరా ఇదే ఇబ్బంది. పాత లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ పొడవు 113 సెంటీమీటర్లు. 1:72లో అది 16 మిల్లీమీటర్ల లోపే. మందం కూడా అదే లెక్కన తగ్గిస్తే దారంలా వంగిపోతుంది. అందుకని లావుగా చేస్తారు. ఈ తప్పుల్ని సేకరించేవాళ్లు పెద్దగా పట్టించుకోరు. వాళ్లు పట్టుకునేది వేరే తప్పుని.

ఏడాది మారితే టోపీ మారుతుంది

1815 జూన్ 18న జరిగిన వాటర్లూ యుద్ధాన్నే తీసుకోండి. బొమ్మల కంపెనీలు విసుగు లేకుండా చేసే అంశం ఇది. అప్పటికి బ్రిటిష్ కాల్బలం ముందు భాగం ఎత్తుగా ఉండే టోపీ పెట్టుకునేది. అది 1812 ప్రాంతంలో వచ్చింది. అదే పెట్టెలోని బొమ్మల్ని 1809లో స్పెయిన్‌లో జరిగిన యుద్ధానికి నిలబెడితే తప్పే, ఎందుకంటే అప్పటి టోపీ నిలువు గొట్టంలా ఉండేది.

ఇంకో సంగతి. వాటర్లూకి ముందు రాత్రి కుండపోతగా వాన కురిసింది. చాలామంది టోపీల మీద వాన తొడుగులు వేసుకున్నారు. ఫ్రెంచి సైనికుల్లో చాలామంది పొడుగాటి కోట్లలోనే పోరాడారు. కానీ పెట్టె మీది బొమ్మలో అందరూ కవాతుకి వచ్చినట్టు కుచ్చులతో, తళతళలాడే బిళ్లలతో ఉంటారు. ఆ దుస్తులు నిజమైనవే, కాకపోతే ఆ రోజువి కావు.

ప్రష్యన్లను తీసేసిన కథ

బొత్తాలూ టోపీలూ సరిగ్గా ఉన్నా చరిత్ర తప్పుగా ఉండొచ్చు. దీనికి మంచి ఉదాహరణ ప్లాస్టిక్ రావడానికి వందేళ్ల ముందే ఉంది.

1830లో విలియం సైబోర్న్ అనే బ్రిటిష్ సైనికాధికారికి వాటర్లూ యుద్ధభూమి నమూనా తయారుచేసే పని అప్పగించారు. అతడు అక్కడి లా హే సాంట్ అనే పొలం ఇంట్లో నెలల తరబడి మకాం వేసి నేలంతా కొలిచాడు. యుద్ధంలో పాల్గొన్న అధికారులకు ఉత్తరాలు రాసి, సాయంత్రం ఏడు గంటల సమయంలో మీ దళం ఎక్కడుంది, ఎదురుగా ఎవరున్నారు, పొలంలో ఏ పంట ఉంది అని అడిగాడు. వందల జవాబులు వచ్చాయి. మధ్యలో ప్రభుత్వం డబ్బు ఆపేస్తే అప్పు చేసి పని సాగించాడు. 70 వేలకు పైగా చిన్న లోహపు బొమ్మలతో సిద్ధమైన ఆ నమూనాని 1838లో లండన్‌లో ప్రదర్శనకు పెట్టారు. జనం టికెట్టు కొని బారులు తీరారు.

చిక్కంతా ప్రష్యన్ సైన్యంతోనే వచ్చింది. ఆ సాయంత్రం ప్రష్యన్లు పెద్ద సంఖ్యలో వచ్చి నెపోలియన్ సైన్యాన్ని పక్క నుంచి కొట్టారు. సైబోర్న్ సేకరించిన సమాచారమూ అదే చెప్పింది, అతడూ అలాగే బొమ్మలు పెట్టాడు. విజయం తమ సొంతమని చెప్పుకునే బ్రిటిష్ సేనాధిపతి వెల్లింగ్టన్‌కి ఇది నచ్చలేదు. ప్రష్యన్ల పాత్రను పెంచి చూపించారని అభ్యంతరం చెప్పాడు. చివరికి సైబోర్న్ వేల కొద్దీ ప్రష్యన్ బొమ్మల్ని తీసేశాడు. ఆ నమూనా ఇప్పుడు లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది. దాంట్లో పొలాలు సరిగ్గానే ఉన్నాయి. లేనిది ఒక సైన్యం.

పెట్టెలో లేనివాళ్లు

ఈ కథ మనకి ఎందుకంటే, ప్లాస్టిక్ పెట్టెల్లో మన సైనికులకీ ఇంచుమించు ఇదే జరిగింది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో పోరాడిన ఎనిమిదో సైన్యం పేరుతో బొమ్మలు చాలా వచ్చాయి. ఆ సైన్యంలో భారత, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా డివిజన్లు ఉన్నాయి. భారత నాలుగో డివిజన్ 1942లో అలమీన్‌లో ఉంది, 1943లో ట్యునీషియాలోనూ ఉంది. 1945 నాటికి భారత సైన్యం 25 లక్షలకు చేరింది. అయినా ఆ పెట్టెల్లో ఎక్కువగా కనిపించేది నిక్కరు, గుండ్రటి ఇనుప టోపీ వేసుకున్న బ్రిటిష్ సైనికుడే. గూర్ఖాలకు విడిగా పెట్టె దొరికింది. మిగతావాళ్లకు ఆ అదృష్టం అరుదు.

దీని వెనక కుట్ర వెతకక్కర్లేదు, లెక్క చూస్తే చాలు. అచ్చుకి పది లక్షలు ఖర్చయిందనుకోండి. లక్ష పెట్టెలు అమ్ముడైతే పెట్టెకి పది రూపాయలే పడుతుంది, ఐదు వేలే అమ్ముడైతే రెండొందలు పడుతుంది. కొనేవాళ్లు లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఉంటే కంపెనీ వాళ్ల తాతల్నే బొమ్మలుగా చేస్తుంది. లెక్క అర్థమవుతుంది, కానీ అక్కడి పిల్లాడికీ ఇక్కడి పిల్లాడికీ మిగిలేది మాత్రం మనవాళ్లు లేని యుద్ధమే.

ఒకోసారి మనవాళ్లని చేసినా తప్పు జరుగుతుంది. భారత సైనికుడు అనగానే అందరికీ ఒకే రకం సిక్కు తలపాగా చుట్టేస్తారు. నిజానికి పంజాబ్ రెజిమెంట్ల బెటాలియన్‌లో ఒక కంపెనీ సిక్కులది అయితే, ఇంకొకటి పంజాబీ ముస్లింలది, మరొకటి డోగ్రాలది. ముస్లిం సైనికులు కుల్లా అనే కోసు టోపీ చుట్టూ పాగా చుట్టేవాళ్లు. సిక్కుల పాగాకి కుల్లా ఉండదు. యుద్ధరంగంలో మిగతావాళ్లు చాలామంది ఇనుప టోపీకి మారినా సిక్కులు తలపాగాతోనే ఉన్నారు.

తెలుగు నేలకి ఈ చరిత్రతో ఉన్న సంబంధం చిన్నదేం కాదు. కంపెనీ సిపాయిల్ని ఉత్తరాదిన ‘తిలంగా’ అనేవాళ్లు. తొలినాళ్లలో సిపాయిలు తెలుగు ప్రాంతం నుంచి వెళ్లడమే ఆ పేరుకి మూలం. 1857 నాటి ఢిల్లీ ఉర్దూ రాతల్లోనూ ఆ మాట కనిపిస్తుంది. బ్రిటెన్స్ కంపెనీ పాత సీసపు సెట్లలో మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ కూడా ఒకటి. అంటే రాణి కాలపు సీసపు బొమ్మల్లో దొరికిన చోటు తర్వాతి ప్లాస్టిక్‌లో చాలావరకు పోయింది.

కొనేటప్పుడు ఏం చూడాలి?

పెట్టె మీద యుద్ధం పేరుతో పాటు సంవత్సరం ఉందో లేదో ముందు చూడాలి. పక్కపక్కన పెట్టే బొమ్మల కొలత ఒకటే అయి ఉండాలి. టోపీ, తుపాకీ, బూట్లను అప్పటి ఫొటోలతో పోల్చాలి. పెట్టె మీది రంగుల చిత్రాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు, అది అమ్మకం కోసం వేసింది. మొదటి ప్రపంచ యుద్ధపు భారత అశ్వికుల కోసమైతే ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గరి మూడు విగ్రహాలు చూడొచ్చు. అవి హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ లాన్సర్లకు గుర్తు.

పెట్టెలో లేనివాళ్లని సేకరించేవాళ్లు సొంతంగా చేసుకుంటారు. ముందు బొమ్మని సబ్బు నీళ్లతో కడుగుతారు, లేకపోతే మెత్తటి ప్లాస్టిక్ మీద రంగు నిలవదు. ఇనుప టోపీని బ్లేడుతో చెక్కేస్తారు. టిష్యూ పేపర్‌ని సన్నగా చీల్చి, ఫెవికాల్‌లో ముంచి తల చుట్టూ చుడతారు. కుల్లా కావాలంటే ముందే చిటికెడు ఎం-సీల్‌తో కోసు నిలబెట్టి, దాని చుట్టూ పాగా చుడతారు. ఆరాక ఖాకీ రంగు వేస్తారు. ఎనిమిదో సైన్యంలో భారత నాలుగో డివిజన్ జవాను ఒకడు చేరతాడు.