కొత్త పడవకు తొలి స్నానం

మిషిగన్‌లో నాలుగేళ్ళు కాపురం చేసినవాడు బోటు కొనకుండా ఉండలేడని మిత్రులు హాస్యమాడుతుంటారు. కిందటి ఏడు మేమూ కొన్నాం. పద్దెనిమిది అడుగుల ఫైబర్ గ్లాస్ బోటు. వేసవంతా సెయింట్ క్లెయిర్ సరస్సులోనే ఉంచాలని సంకల్పం. కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, నీళ్ళలోకి దింపడమే తరువాయి అనుకున్నాం.

మాది గోదావరి డెల్టా. ఎండాకాలం కాలువలు కట్టేయగానే పడవలను గట్టు మీదికి లాగి, చెక్కల సందుల్లో నార కూరి, తారు పూసేవారు. అది పాత పడవల అవస్థ, తళతళలాడే కొత్తదానికి ఏం కావాలిలే అనుకోవడమే నా మొదటి పొరపాటు.

ఫైబర్ గ్లాస్ బోటు అచ్చులో తయారవుతుంది. ఇడ్లీ రేకులకు నూనె రాసినట్టు, అంటుకోకుండా ఊడిరావడానికి అచ్చుకు ముందుగా మైనం రాస్తారు. దాని మీద జెల్‌కోట్ అనే రంగుపొర, ఆపైన గాజుపీచూ రెజినూ వేస్తారు. బోటు బయటికి వచ్చాక ఆ మైనం కొంత దాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. దాని మీద రంగు వేస్తే నిలవదు, పెచ్చులుగా ఊడిపోతుంది.

అందుచేత మొదట సబ్బునీళ్ళతో కడగాలి. ఆరాక, మైనాన్ని కరిగించే ద్రావకంలో ముంచిన గుడ్డతో కొద్దికొద్ది మేర తుడిచి, అది ఆరేలోగా పొడిగుడ్డతో ఎత్తెయ్యాలి. గుడ్డలు తరచు మార్చకపోతే మైనాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి పులమడమే అవుతుంది. ఆ తర్వాత నీళ్ళు చల్లి చూడండి. తామరాకు మీదలా ముత్యాలు కడితే మైనం ఉన్నట్టే. పల్చగా పరుచుకుంటే పోయినట్టు.

ఇక నా రెండో అపరాధం. ఏప్రిల్‌లో ఒక ఆదివారం, బయట చలి. గరాజ్ తలుపు మూసి ఈ పని మొదలుపెట్టాను. మా ఎనిమిదేళ్ళ అమ్మాయి గుడ్డలు అందిస్తోంది. అరగంటకు "నాన్నా, తల తిరుగుతోంది" అంది. నాకూ తలనొప్పిగానే ఉంది గాని, వంగి పని చేయడం వల్ల అనుకున్నాను. ఇంతలో వంటింట్లోకి వాసన కొట్టి, మా ఆవిడ పరుగున వచ్చి తలుపు ఎత్తింది.

"ఏం పని చేస్తారని రోగుల్ని రోజూ అడుగుతారు కదా, ఇవాళ మిమ్మల్ని మీరు అడుక్కోలేదా?" అంది. నాకు నోట మాట రాలేదు. ఆ మూలనే గ్యాసు వాటర్ హీటర్ మండుతోంది! గాలి తగలగానే పాప తేరుకుంది గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కనుక డాక్టరుగా చెబుతున్నాను. ఈ పని ఆరుబయటే చేయండి. దగ్గర్లో మంట ఉండకూడదు. పిల్లల్ని దూరంగా ఉంచండి. దుమ్ముకు కట్టుకునే ముసుగు ఆవిరిని ఆపదు. మనం ఆసుపత్రిలో వాడే పల్చటి గ్లవ్స్ చాలా ద్రావకాలకు ఆగవు. డబ్బా మీద చెప్పిన రకమే కొనండి.

అడుగు రంగు అందరికీ అక్కర్లేదు. ట్రైలర్ మీద ఇంటికి తెచ్చుకునేవారికి ఆ ఖర్చు దండగ. నీళ్ళలోనే ఉంచేవారు మాత్రం, నీరు ఇంకి బొబ్బలు లేవకుండా ముందు ఎపాక్సీ పూత, దాని మీద నాచు పట్టకుండా రాగి కలిసిన రంగు వేయించుకోవాలి. అల్యూమినియం బోటుకు రాగి రంగు కూడదు, లోహాన్ని తినేస్తుంది. గరుకు కాగితం పట్టే ముందు వారంటీ కాగితాలు చదవండి.

నీటిమట్టానికి పైభాగం ఎండకు సుద్దలా వెలిసిపోతుంది. దానికి నీడలో, రెండేసి అడుగుల మేర, పల్చగా వాక్స్ పట్టించి మెరుగు పెడితే చాలు.

ఉత్తర అమెరికాలో జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్ప మొదట బయటపడింది 1988లో, ఈ సెయింట్ క్లెయిర్ సరస్సులోనే. అది బోట్లను పట్టుకునే ఊళ్ళు తిరుగుతుంది. మరో సరస్సుకు వెళ్ళే ముందు కడిగి, నీరంతా వంపి, ఆరబెట్టండి.

చివరిగా, దింపే రోజున అడుగు బిరడా బిగించడం మరవకండి. మా ఇంట్లో ఆ తనిఖీ అమ్మాయిది. లైఫ్ జాకెట్ వేసుకుని రేవు మీద నిలబడి, "నాన్నా, బిరడా?" అని అడిగితే గాని బోటు కదలదు.