సేవయందు విద్య

మన పాఠశాలనుండి యుత్తీర్ణులై కళాశాలలకుఁ బోవువారిలోఁ బెక్కండ్రు జాతీయ సేవా పథకమను పేరు నచ్చట వినఁగలరు. సేవాశిబిరమనఁగానే చీపురును, గడ్డపారయు, చివర నొక ఛాయాచిత్రమును జ్ఞప్తికి వచ్చుట కలదు. అది యంతమాత్రమే యైనచో దానిఁగూర్చి యిచ్చట వ్రాయ నవసర ముండెడిది కాదు.

1948-49 సంవత్సరములలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి యధ్యక్షతను పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము, విద్యార్థులు స్వచ్ఛందముగా జాతీయసేవ చేయుట మేలని సూచించెను. వా రంతకుఁ బూర్వము 1931 నుండి 1936 వఱకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులు. ఆ సూచన కార్యరూపము దాల్చుటకు రెండు దశాబ్దములు పట్టెను. 1969 సెప్టెంబరు 24వ తేదీని 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతోఁ బథక మారంభమయ్యెను. ఇందుఁ జేరినవారు ఏటికి 120 గంటల చొప్పున రెండేండ్లు సేవ చేయవలయును. ఏడు దినములు శిబిరమున నుండవలయును.

గంటల లెక్క పుస్తకమున కెక్కును గాని, యా గంటలలో నేమి నేర్చిరో యెవరును వ్రాయరు. ఒక యుదాహరణము చెప్పెదను.

మీరొక గ్రామమునకుఁ బోయి త్రాగునీటి బావిని శుద్ధిచేయఁ బూనితి రనుకొందము. వేయి లీటర్ల నీటికి మంచి బ్లీచింగు పొడి 2.5 గ్రాములు చాలునని గ్రంథములు చెప్పును. కాని బావిలో నీ రెంత? త్రాటికి ఱాయి గట్టి లోఁతు కొలువవలయును. బావి వ్యాసము 4 మీటర్లు, నీటి లోఁతు 3 మీటర్లు అయినచో, స్థూపపు సూత్రముచే నీరు సుమారు 37,680 లీటర్లు, పొడి 94 గ్రాములు. పరీక్షకై వల్లించిన సూత్రముపై నిచ్చట నొక యూరివారి యారోగ్య మాధారపడియుండును. పొడి తక్కువయైనచో రోగక్రిములు చావవు. ఎక్కువయైనచో నీరు ఘాటెక్కి, జనులా బావినే విడిచి చెఱువునకుఁ బోవుదురు.

అంతటితోఁ దీఱలేదు. మూఁత తీసియుంచిన పొడిలో క్లోరిను సన్నగిల్లును. కావున గ్రంథములోని లెక్క యెల్లవేళలఁ జెల్లదు. పొడిని నేరుగా బావిలోఁ జల్లరాదు. బకెట్టు నీటిలోఁ గలిపి, సున్నపు మడ్డి యడుగునకు దిగిన పిదపఁ బైతేటనే బావిలోనికి దింపి, చేదను పైకిని గ్రిందికిని ద్రిప్పి కలుపవలయును. పిమ్మట నొక గంట యెవ్వరును నీరు తోడరాదు.

ఆ గంటయే కష్టమైనది. బిందెతో వచ్చిన తల్లి, "ఇంట బిడ్డకు నీళ్లు లేవు నాయనా, గంటసేపు నిలువు మందువా?" అని యడిగినచో నేమనవలయును? ముందునాఁడే యింటింటికిఁ బోయి చెప్పియుండవలసినదని యప్పుడు తోఁచును. రసాయనశాస్త్రోపన్యాసమున నీ మాట రాదు.

శిబిరము లేచిపోయిన పిదపఁ బొడి వేయువా రెవరు? ఈ ప్రశ్నను మఱచుట సామాన్యము. తెలిసినవారు ఊరి యువకుల నిద్దఱిని జతచేసికొని కొలుచుట నేర్పుదురు; బావి వ్యాసమును, లోఁతునుబట్టి వేయవలసిన పొడి తూకమును బావి గోడపైనే రంగుతో వ్రాయింతురు. మఱుసటి యేట వచ్చు విద్యార్థులు మొదటఁ జూడవలసినది ఆ వ్రాత నిలిచియున్నదా, చెరిగిపోయినదా యనియే.