మీకు తెలుసా? తెల్లారేసరికి గుర్రం కాళ్లు ఎందుకు వాస్తాయి?

గుర్రానికి మోకాలి దిగువన కండరాలు దాదాపు ఉండవు. అక్కడున్నవి ఎముక, స్నాయుబంధాలు, చర్మమే. అందుకే కింది రక్తం పైకి ఎక్కాలంటే నడక కావాలి. అడుగు పడ్డప్పుడల్లా గిట్టలోని మెత్తటి భాగం నొక్కుకుని రక్తాన్ని పైకి తోస్తుంది. రాత్రంతా శాలలో కదలకుండా నిలబడితే కాళ్లకు, ముఖ్యంగా వెనక కాళ్లు రెంటికీ, నీరు దిగుతుంది. వేలితో నొక్కితే సొట్ట పడుతుంది. వేడి, నొప్పి ఉండవు. కాసేపు నడిపిస్తే వాపు తగ్గిపోతుంది.

ఒక్క కాలే వాచి, ముట్టుకుంటే వేడిగా ఉండి, గుర్రం కుంటుతుంటే మాత్రం నడిపించకూడదు. ఇన్ఫెక్షనో, స్నాయుబంధం దెబ్బో కావచ్చు. చన్నీళ్లు ధారగా పోస్తూ వెంటనే పశువైద్యుణ్ని పిలవాలి. కట్టు కడితే కింద దూది మందంగా, సమంగా పరచాలి. బిగుతు ఎక్కువైతే కట్టే కాలిని దెబ్బతీస్తుంది.