ఖరీదైన పాత్రలోనే మంచి బీరు అవుతుందా? అపోహలు – వాస్తవాలు

ఇంట్లో బీరు చేయాలన్న ఆసక్తి పుట్టగానే చాలామంది ఆలోచన పులియబెట్టే పాత్ర దగ్గరే ఆగిపోతుంది. స్టీలు డ్రమ్మా, గాజు జాడీయా, ప్లాస్టిక్ బకెట్టా, పెద్ద బ్రూవరీల్లో మాదిరి అడుగు గరాటులా ఉండేదా అని తర్జనభర్జన. ధర పెరిగేకొద్దీ రుచి పెరుగుతుందన్న నమ్మకం దీనికి మూలం. పుదుచ్చేరి లాంటి ఊళ్లో ఈ నమ్మకం మరింత దారి తప్పిస్తుంది, ఎందుకంటే ఇక్కడ బీరుకు అసలు శత్రువు వేడి. అయితే అంతకన్నా ముందు తేల్చుకోవాల్సిన అపోహ ఒకటుంది. మద్యం దుకాణాలకు పేరుపడ్డ ఊరు కదా, సొంతానికి నాలుగు సీసాలు చేసుకుంటే ఎవరడుగుతారని అనుకుంటారు. 1970 నాటి పుదుచ్చేరి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. అమ్మకం కోసం కాదన్నంత మాత్రాన అది ఒప్పు అయిపోదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ లైసెన్సు తప్పదు. బ్రిటన్ 1963లో, అమెరికా 1978లో ఇంటి బీరుకు దారి తెరిచాయి కాబట్టి అక్కడి తెలుగువాళ్లు గ్యారేజీలో చేసుకోగలుగుతున్నారు. అందుకే ఇక్కడ చెప్పే మాటలు చట్టం ఒప్పుకునే చోట బీరు చేసేవారికీ, లైసెన్సుతో చిన్న బ్రూవరీ పెట్టాలనుకునేవారికీ ఉద్దేశించినవి. పుదుచ్చేరిలో ఇంట్లో కొంబుచానో, అల్లం పానీయమో పులియబెట్టేవారికి కూడా వీటిలో చాలా భాగం పనికొస్తుంది.

ఏల్ రకం బీరు చేసే ఈస్ట్ 18 నుంచి 22 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తుంది. లాగర్ ఈస్ట్‌కు 8 నుంచి 13 డిగ్రీలు చాలు. పుదుచ్చేరిలో మే, జూన్ మధ్యాహ్నాలు 35 దాటడం మామూలే, జనవరి రాత్రుల్లో కూడా ఉష్ణోగ్రత 20 దగ్గరే తచ్చాడుతుంది. పైగా పులియడం అనే పనే వేడి పుట్టిస్తుంది. 20 లీటర్ల మాల్ట్ రసంలో పులిసే చక్కెర సుమారు ఒకటిన్నర కిలోలు ఉంటుంది. అది ఆల్కహాలుగా మారేటప్పుడు పాత్రలోపలి వేడి గది వేడికన్నా మూడు నుంచి ఐదు డిగ్రీలు ఎక్కువకు చేరుతుంది. ఆ వేడిలో మామూలు ఏల్ ఈస్ట్ ఘాటైన ఆల్కహాళ్లనూ, నెయిల్ పాలిష్ వాసన వచ్చే ఎస్టర్లనూ విడుస్తుంది. వేల రూపాయల స్టీలు డ్రమ్ము కూడా దీన్ని ఆపలేదు. మట్టి పాత్ర చల్లగా ఉంచుతుంది కదా, తడి గుడ్డ చుట్టినా చాలు కదా అని కొందరంటారు. అనంతపురం లాంటి పొడి ఊళ్లో ఆ మాటకు బలం ఉంది. సముద్రపు తేమతో నిండిన గాలిలో నీరు నెమ్మదిగా ఆవిరవుతుంది కాబట్టి పుదుచ్చేరిలో ఆ చల్లదనం అరకొరే. 36 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం తడి గుడ్డ ఎంత పనిచేసినా 29 డిగ్రీల కిందికి దించలేదు. కాబట్టి ముందు కొనాల్సింది పాత ఫ్రిజ్, దానికి తగిలించే థర్మోస్టాట్. ఆ ఫ్రిజ్‌లో పట్టే కొలతను బట్టే పాత్రను ఎంచుకోవాలి. పెద్ద డ్రమ్ము ఒకటి పట్టని ఫ్రిజ్‌లో చిన్న పాత్రలు రెండు పట్టవచ్చు. చిన్న పాత్రకు ఉపరితలం దామాషాగా ఎక్కువ కాబట్టి త్వరగా చల్లబడుతుంది కూడా. ఫ్రిజ్ కుదరకపోతే పాత్రను కాదు, ఈస్ట్‌ను మార్చాలి. నార్వే పల్లెల నుంచి వచ్చిన క్వైక్ ఈస్ట్‌లు 30 దాటిన వేడిలోనూ శుభ్రమైన రుచే ఇస్తాయి.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటి ఎదురవుతుంది: మన కల్లు ఈ ఎండలోనే పులుస్తుంది కదా, దానికి ఏ ఫ్రిజ్ ఉంది? తమిళనాడు 1987లో కల్లును నిషేధించినా పుదుచ్చేరిలో కల్లు దుకాణాలు నేటికీ ఉన్నాయి కనుక ఆ ఉదాహరణ ఇక్కడ కళ్లెదుటే కనిపిస్తుంది. కానీ కల్లు దించిన రోజే తాగే పానీయం. ఈస్ట్‌తో పాటు బ్యాక్టీరియా కూడా కలిసి పనిచేసి మర్నాటికే దాన్ని పుల్లగా మార్చేస్తుంది. ఆ పులుపు దాని స్వభావం. బీరు రెండు వారాలు పాత్రలో, ఆపై నెలలు సీసాలో నిలవాలి. పాత్ర ప్రభావం కూడా కల్లులోనే కనిపిస్తుంది: చెట్టుకు కట్టే లొట్టిలో సున్నం పూస్తే గీసిన రసం పులవకుండా నీరాగా ఉంటుంది. సున్నం లేని పాత లొట్టిలో అదే రసం పొద్దెక్కేలోపే కల్లవుతుంది. మట్టి రంధ్రాల్లో నిన్నటి సూక్ష్మజీవులు దాగి ఉండడం ఇందుకొక కారణం. కల్లుకు మేలుచేసే ఆ గుణమే, ఎంచుకున్న ఒక్క ఈస్ట్‌తో చేయాల్సిన బీరుకు చేటు. గీతలు పడ్డ ప్లాస్టిక్ విషయంలోనూ జరిగేది ఇదే.

మూత గాలి చొరకుండా బిగించకపోతే బీరు చెడుతుందన్న మాటలో కొంత నిజముంది, ప్రమాదమూ ఉంది. ఒకటిన్నర కిలోల చక్కెర పులిస్తే సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మామూలు పీడనంలో అది 350 లీటర్లకు పైనే. దారి లేకుండా బిగిస్తే గాజు జాడీ పగిలి మనుషులు గాయపడతారు. లోపలికి రానివ్వకూడనిది దుమ్ము, దానితో వచ్చే సూక్ష్మజీవులు. 1860ల మొదట్లో పారిస్‌లో లూయీ పాశ్చర్ గాలికీ దుమ్ముకూ ఉన్న ఈ తేడాను చూపించాడు. హంస మెడలా వంచిన గొట్టంతో ఉన్న ఫ్లాస్కులో మరిగించిన రసం, గొట్టం చివర తెరిచే ఉన్నా, చెడలేదు. దుమ్ము వంపులోనే చిక్కుకుపోయింది. బీరు చెడడానికి పరాయి సూక్ష్మజీవులే కారణమని 1876లో వెలువడిన పుస్తకంలో ఆయన వివరించాడు. వాయువును బయటికి పోనిస్తూ దుమ్మును ఆపే మూత గొట్టం, అంటే ఎయిర్‌లాక్, చేసే పనీ దాదాపు అదే. అందులో బుడగలు ఆగితే పులియడం ముగిసినట్టని తీర్మానించకండి. మూత పక్క నుంచి వాయువు పోతున్నా బుడగలు రావు. వరుసగా రెండు మూడు రోజులు రసం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ఒకే అంకె చూపితేనే నమ్మాలి. పులియడం ముగిశాక మాత్రం ఆక్సిజన్ నిజంగానే బీరును పాడుచేస్తుంది. నెలల తరబడి నిల్వ ఉంచేవారు గాలిని కొద్దికొద్దిగా లోపలికి వదిలే ప్లాస్టిక్ బకెట్టుకన్నా గాజును, స్టీలును ఎంచుకోవడం సబబే.

అలాగని రెండు వారాల పనికి ప్లాస్టిక్‌ను తీసిపారేయనక్కర్లేదు. అయితే అడుగున త్రిభుజంలో ఉన్న అంకె చూసి ఆహారానికి పనికొస్తుందని అనుకోవడం పెద్ద పొరపాటు. 1 అంటే పెట్, 2 అంటే హెచ్‌డీపీఈ. ఆ అంకె చెప్పేది ప్లాస్టిక్ రకం మాత్రమే. రసాయనాలు నింపి ఖాళీ అయిన డ్రమ్ము మీదా అదే 2 ఉండొచ్చు. ఆహారానికి తగినదని తయారీదారు రాసి ఇచ్చిన కొత్త పాత్ర తప్ప, పాత సామాన్ల దుకాణంలో దొరికే నీలం డ్రమ్ము ఎంత చవకైనా వద్దు. ఇత్తడి, రాగి గొప్పవన్న అభిమానం కూడా ఇక్కడ పక్కన పెట్టాలి. పులిసిన బీరు పీహెచ్ 4 దగ్గర ఉంటుంది. కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసు నిల్వ ఉంచని ఇంట్లో ఈ పులుపును రోజుల తరబడి ఉంచడానికి కారణం లేదు. స్టీలు కొనేవారు 304 రకం తీసుకుని, బ్లీచింగ్ ద్రావణంతో కడిగి అలాగే వదిలేయకుండా చూసుకోవాలి, క్లోరిన్ వల్ల దానిమీద సన్నని గుంటలు పడతాయి. అడుగున కుళాయి ఉన్న పాత్ర అయితే కుళాయిని ప్రతిసారీ విప్పి లోపలి రబ్బరు వాషరుతో సహా కడగాలి. 20 లీటర్ల రసానికి 25 లీటర్ల పాత్ర తీసుకుంటే నురగ పొంగి ఎయిర్‌లాక్‌లోకి ఎక్కదు.