వీరుని తల్లి, వీరుని పత్ని
స్కాట్లండు దేశమున న్యూబైతు బెయిర్డులు పేరుగల భూస్వాములు. ఆ యింట 1757లో జన్మించిన డేవిడు బాల్యముననే తండ్రిని గోలుపోయి, 1772లో సైన్యమునఁ జేరెను. 1780లో పొల్లిలూరు యుద్ధమున గాయపడి హైదరాలీ సేనకుఁ జిక్కి, శ్రీరంగపట్టణపుఁ జెఱలో మూఁడున్నర యేండ్లు మ్రగ్గెను.

ఖైదీలను జంటలుగా సంకెలవేసిరని విని తల్లి, తన కొడుకుతోఁ గట్టఁబడినవాఁడెవఁడో పాపమని జాలిపడెనని చెప్పుదురు. బిడ్డని దుడుకుతన మామె యెఱుఁగును. కన్నీటిని నవ్వుమాటునఁ దాఁచుకొనుట తల్లులకే చెల్లును.

1799 మే 4వ తేదీన ఆ కోటపై దాడి నడపినవాఁ డతఁడే; టిప్పు సుల్తాను నాఁడే మడిసెను. 1809లో కొరున్నా యుద్ధమున డేవిడు ఎడమచేయి పోయెను. మఱుసటి యేఁడే ఆన్ అను నామె యతనిని బెండ్లాడెను. సంతతి లేకయే 1829లో నతఁడు గతింపఁగా, ఆమె కొండపై స్మారకస్తంభ మెత్తించెను. విల్కీ యను చిత్రకారునిచే భర్త విజయమును జిత్రింపఁజేసెను. ఆ పటము 1839లో ముగిసెను.

సోదరీమణులారా! యుద్ధములు చేసినది పురుషుఁడే. అతని పేరు నిలిపినది యిల్లాలు.